ఉపవాసంలో తేనె, బెల్లం సేవించవచ్చునా?

ఈసీఐఎల్ చౌరస్తా నుండి నాగారం మీదుగా సాగే దారి కీసరగుట్ట శ్రీ రామలింగేశ్వరస్వామి సన్నిధికి చేరుతుంది. మహాశివరాత్రి నాడు ఆ దారిన కొండకు వెళ్లే భక్తులలో ఉపవాసం ఉన్నవారు పలువురు. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శనివారాలు కూడా కలుపుకుంటే ఉపవాసం లేని మాసమే ఉండదు. ఈ సందర్భాలలో గృహిణులకు తరచుగా కలిగే సందేహం ఒకటున్నది. పంచదార మాని తేనె, బెల్లం, పటికబెల్లం వంటివి పుచ్చుకుంటే ఉపవాసానికి భంగమా? ప్రకృతిసిద్ధమైనవి గనుక దోషం లేదని కొందరు భావిస్తారు. నిజానికి ఉపవాసం ఏ ప్రయోజనాన్ని ఉద్దేశించి చేస్తున్నామో, దానిని బట్టి సమాధానం మారుతుంది.

వ్రతం కొరకు

మన పెద్దలు ఉపవాసానికి మెట్లు ఏర్పరచారు. పగలు ఒక్కసారి భుజించడం ఏకభుక్తం. పగలంతా ఉండి రాత్రి భుజించడం నక్తం. అడుగకుండా లభించినదే స్వీకరించడం అయాచితం. ఏమీ భుజింపకుండా ఉండడం ఉపవాసం. వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని కూడా చెప్పారు. అవి నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఈ ఎనిమిదింటిలో తేనె, బెల్లం పేర్లు లేవు. అయినా ఫలాహారం చేసేవారు పాలలో బెల్లం, పటికబెల్లం కలుపుకోవడం అనేక కుటుంబాలలో ఆచారంగా ఉన్నది. అభిషేకం చేసిన పంచామృతంలోని తేనెను తీర్థంగా స్వీకరిస్తాము. నీరు సైతం ముట్టనని సంకల్పించినవారికి మాత్రం ఏ తీపికీ తావు లేదు.

లంఘనం కొరకు

చరకసంహితలో చెప్పిన పది విధాల లంఘనాలలో ఉపవాసం ఒకటి. దేహానికి లాఘవం కలిగించడం, జఠరాగ్నిని తిరిగి దీపింపజేయడం దీని ఉద్దేశ్యం. మధురరసం సాధారణంగా గురువు, కఫవర్ధకం. క్రొత్త బెల్లం అగ్నిని మందగింపజేస్తుందని, పాత బెల్లం పథ్యమని ఆయుర్వేదం చెబుతున్నది. తేనె మధురమైనప్పటికీ రూక్షగుణం కలది, కఫహరం. కనుక అజీర్ణంతో లంఘనం చేసేవారు బెల్లం పానకం విడిచిపెట్టాలి. కావాలంటే చల్లార్చిన నీటిలో చెంచాడు తేనె కలిపి త్రాగవచ్చు. మరిగే నీటిలో తేనె కలుపరాదు. తేనెను వేడిచేయడాన్ని శాస్త్రం స్పష్టంగా నిషేధించింది.

బరువు తగ్గుట కొరకు

ఈ ఉద్దేశ్యంతో ఉపవాసం ఉండేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 100 గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలు, బెల్లంలో సుమారు 380, తేనెలో సుమారు 300 ఉంటాయి. తేనెలో అయిదవ వంతుకు దగ్గరగా నీరు ఉండడమే ఆ తగ్గుదలకు ముఖ్య కారణం. అయితే తేనె బరువైన పదార్థం గనుక చెంచాకు చెంచా తూచితే రెండింటికీ 20 కేలరీల చొప్పుననే వస్తాయి. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్నా అందులో అధికభాగం చక్కెరే. తేనెలోని చక్కెరను కూడా పరిమితిలోనే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు సుమారు 25 గ్రాములకు లోపల ఉంచుకుంటే మరింత మేలని తెలిపింది.

మధుపత్రి అనే స్టీవియా ఆకు తీపిలో కేలరీలు దాదాపు ఉండవు. అయినా బరువు తగ్గడానికి ఇటువంటి తీపి పదార్థాలపై ఆధారపడవద్దని అదే సంస్థ 2023లో సలహా ఇచ్చింది. అతిమధురం సహజమైనదే కాని, అధికంగా సేవిస్తే రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి.

మధుమేహులకు ముఖ్య హెచ్చరిక

ఇన్సులిన్ గాని, గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడుగకుండా ఉపవాసం ఉండరాదు. ఆహారం లేక మందు మాత్రం పనిచేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం దీని లక్షణాలు. పరీక్షలో 70 మిల్లీగ్రాములకు తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి గాని, మూడు చెంచాల తేనె గాని ఇవ్వాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. అకార్బోస్, వోగ్లిబోస్ వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడియే ఇవ్వాలి. స్టీవియా ఈ సమయంలో ఏమాత్రం పనికిరాదు. స్పృహ తప్పినవారి నోటిలో ఏదీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

రాత్రంతా జాగరణలో ఉన్న ఇంటి పెద్దలు ఇటువంటి స్థితిలో సైతం “ఉపవాసం చెడుతుంది” అని తీపిని నిరాకరిస్తారు. వారికి పైన చెప్పిన ఎనిమిదింటిలోని చివరి మాటను గుర్తుచేయండి. ఆ క్షణాన చక్కెర ఔషధం. ఔషధం వ్రతాన్ని చెరపదు.

ఆచరణలో

• ఫలాహార వ్రతంలో రోజు మొత్తానికి తేనె లేక బెల్లం రెండు మూడు చెంచాలు చాలు.
• ఖాళీ కడుపున గ్లాసుల కొద్దీ తియ్యని పానీయాలు త్రాగవద్దు. అరటి, జామ వంటి పండ్లు మేలు.
• ఉపవాసం విరమించేటప్పుడు పలుచని మజ్జిగతోగాని, పెసర కట్టుతోగాని ప్రారంభించండి.
• ఏడాది నిండని శిశువుకు తీర్థంలోని తేనెను సైతం నాకించవద్దు.