మనకు కావలసినవే ఏరుకుందాం

పిల్లలూ! మీరు తెలుగు బడిలో చేరినప్పుడు అమ్మో నాన్నో ఒక ఫారం నింపారు, గుర్తుందా? పేరు, వయసు, తరగతి, ఊరు, ఫోన్ నంబరు, పల్లీలు పడతాయా పడవా – ఇవన్నీ అందులో ఉంటాయి. అందరి ఫారాల్లోని వివరాలను కంప్యూటరులో ఒక పెద్ద పట్టికగా దాచి పెడతారు. అదే డేటాబేసు.

ఈ పట్టికలో ఒక్కో విద్యార్థికి ఒక్కో అడ్డు వరుస ఉంటుంది. పేరు, వయసు లాంటి ఒక్కో వివరానికి ఒక్కో నిలువు వరుస ఉంటుంది. ఆ నిలువు వరుసనే ఫీల్డు అంటారు.

హాజరు వేసే టీచరుగారికి పేరు, తరగతి చాలు. సంక్రాంతికి పల్లీ చిక్కీ పంచే ఆంటీకి పేరు, పల్లీల సంగతి తెలియాలి. మీ ఫోన్ నంబరు ఆవిడకెందుకు? అక్కర్లేదు. అమ్మ పోపుల పెట్టె ఒక్కటే అయినా, పులిహోరకీ చారుకీ వేసేవి వేరు కదా! ఇదీ అంతే. పట్టిక ఒక్కటే, రిపోర్టులు వేరు.

రిపోర్టు తయారుచేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఏ ఫీల్డులు చూపించాలి?
2. ఏ అడ్డు వరుసలు కావాలి? 'పల్లీలు పడనివాళ్ళు మాత్రమే' అంటే మిగతావాళ్ళ వరుసలు కనబడవు. ఇదే వడపోత.
3. ఏ క్రమంలో పెట్టాలి? పేర్ల ప్రకారమా, తరగతి ప్రకారమా?

అమెరికా లెక్కల్లో తెలుగు

ఇప్పుడు ఇంకా పెద్ద పట్టిక చూద్దాం. అమెరికా సెన్సస్ బ్యూరో ఏటా 'అమెరికన్ కమ్యూనిటీ సర్వే' చేస్తుంది. ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలను, అంటే మూడున్నర మిలియన్లను, దీనికి ఎంచుకుంటారు. అయిదేళ్ళు నిండిన ప్రతివారి గురించీ అందులో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా? అయితే, ఏ భాష?

చాలా ఏళ్ళపాటు, 'తెలుగు' అని రాసినా, ఏటా వచ్చే భాషల పట్టికలో మన భాషకు సొంత వరుస ఉండేది కాదు. 'ఇతర ఆసియా భాషలు' అనే వరుసలో కలిసిపోయేది. 2016 సర్వే నుంచి తెలుగుకీ తమిళానికీ విడివిడిగా వరుసలు వచ్చాయి. మరి అంతకుముందు ఇక్కడ తెలుగువాళ్ళు లేరా? ఉన్నారు! ఆ పట్టికలో మన పేరు కనబడలేదు, అంతే.

ఇప్పుడు సెన్సస్ బ్యూరో వెబ్‌సైటులో మన పట్టిక మనమే తయారుచేసుకోవచ్చు. రాష్ట్రం, వయసు, ఇంట్లో మాట్లాడే భాష అనే ఫీల్డులు ఎంచుకుంటే, న్యూజెర్సీలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎంతమందో ఒక అంచనా దొరుకుతుంది. పేర్లు, ఇంటి చిరునామాలు మాత్రం దొరకవు. అవి ఎవరూ చూడకూడదని ముందే తీసేస్తారు.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఫారంలో భాష దగ్గర 'ఇండియన్' అని రాస్తే ఏమవుతుంది? అది తెలుగో, గుజరాతీయో, తమిళమో ఏ కంప్యూటరూ చెప్పలేదు. రాయని వివరం ఏ రిపోర్టులోనూ రాదు. ఏ ఊళ్ళో ఏ భాష దుబాసీలు కావాలో తెలుసుకోవడానికి ఇలాంటి లెక్కలు పనికొస్తాయి. ఇంగ్లీషు రాని అమ్మమ్మ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ దుబాసీ ఎంత అవసరమో ఆలోచించండి. అందుకే, మీ ఇంటికి ఆ ఫారం వస్తే, 'తెలుగు అని రాయండి' అని అమ్మానాన్నలకు మీరే గుర్తుచేయండి.

కొత్త మాటలు

పట్టిక – వరుసల్లో అమర్చిన వివరాలు
పడదు – తింటే ఒంటికి సరిపోదు
వడపోత – కావలసినవి ఉంచి, మిగతావి తీసేయడం
దుబాసీ – ఒకరి మాటలను ఇంకో భాషలో చెప్పే మనిషి

అభ్యాసం

1. బడి పిక్నిక్‌కి బస్సు మాట్లాడాలి. రిపోర్టులో ఏ ఫీల్డులు పెడతారు? ఏవి పెట్టరు? ఎందుకు?
2. 2016కి ముందు ఆ పట్టికలో తెలుగు ఎందుకు కనబడలేదు? రెండు వాక్యాల్లో రాయండి.
3. మీ ఇంట్లో ఎవరెవరు ఏయే భాషలు మాట్లాడతారు? మూడు ఫీల్డులతో ఒక పట్టిక గీయండి.