ఈడొచ్చింది సరే... తొందరెందుకు?

‘‘ఏం వదినా! మీ టైగర్‌కి ఏడాది నిండిందిగా. మా తమ్ముడి వాళ్లింట్లో ఆడ ల్యాబ్ ఉంది, ఎదకొచ్చిందట. ఆదివారం తీసుకొస్తామంటున్నారు. క్రాసింగ్ చేయిస్తే పుట్టిన పిల్లల్లో ఒకటి మీకే...’’

పెరటి గోడ అవతలి నుంచి వచ్చే ఈ మాట, మగకుక్కను పెంచుకునే ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. గుంటూరు అరండల్‌పేటలో అపార్ట్‌మెంటయినా, ఒంగోలులో కాలనీ ఇల్లయినా, చిలకలూరిపేటలో డాబా అయినా సంగతి ఒకటే. ‘‘మగదేగా, మనకు పోయేదేముంది?’’ అంటారు ఇంటాయన. కుక్కపిల్ల వస్తుందని పిల్లలు గంతులేస్తారు. ఇక జవాబు చెప్పాల్సింది ఇల్లాలే. టైగర్‌కి వేళకింత పెట్టేదీ, టీకాల తేదీలు గుర్తుపెట్టుకునేదీ, జబ్బు చేస్తే ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ చాలా ఇళ్లల్లో ఆమే కదా! అందుకే ఈ నాలుగు మాటలూ ఆమె కోసం.

ఆబోతును ఎంచినట్టే...

నిజానికి ఈ విషయం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. బాధ్యత లేకుండా తిరిగేవాణ్ణి ‘అచ్చోసిన ఆంబోతు’ అని తిడతాం. కానీ ఒంగోలు జాతి పుట్టిన ఈ పల్లెల్లో అచ్చు వేసి వదిలిన కోడె ఏదో దారిన పోయే కోడె కాదు. ఇంటి పెద్ద కాలం చేస్తే ఆయన పేరిట దేవుడికి వదిలే కోడెదూడను తెలిసిన రైతులు ఏరి మరీ ఎంచేవారు. ఏ ఆవుకు పుట్టింది, కాళ్లు, మూపురం, నడక ఎలా ఉన్నాయి... అన్నీ చూసేవారు. రేపు ఊళ్లో ఆవులకు పుట్టే దూడలకు అదే తండ్రి అవుతుందని వాళ్లకు తెలుసు. అలా తరతరాలుగా నిలబెట్టిన జాతే సముద్రాలు దాటి బ్రెజిల్ చేరింది. మన నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అని పిలిపించుకుంటూ అక్కడి మందలను నింపేసింది.

గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన స్థానంలో ఒంగోలు జాతి మీద ఈనాటికీ పని జరుగుతోంది. నిదానంగా ఎదిగే ఒంగోలు కోడెను మామూలుగా మూడేళ్ల ప్రాయం వచ్చేదాకా వీర్య సేకరణకు తీసుకోరు. అప్పుడైనా జబ్బుల పరీక్షలు చేశాకే. గొడ్డు విషయంలో ఇంత ముందుచూపు ఉన్న మనం, సొంత బిడ్డలా చూసుకునే కుక్క విషయంలో మాత్రం ‘ఏడాది నిండిందిగా’ అని సరిపెట్టుకుంటున్నాం!

శక్తి వేరు, అర్హత వేరు

మగకుక్కకు ఆరు నెలల నుంచి ఏడాది లోపే ఈడొస్తుంది. కాలెత్తి గోడలు తడపడం, గేటు దూకాలని చూడడం, వచ్చినవాళ్ల కాళ్లను పెనవేసుకోవడం మొదలుపెడుతుంది. దానర్థం పిల్లలను పుట్టించే శక్తి వచ్చిందని మాత్రమే. ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. పామరేనియన్ లాంటి చిన్న జాతులు ఏడాది, ఏడాదింబావుకు ఎదుగుతాయి. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతులకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

పెద్ద జాతుల్లో రెండేళ్లు ఆగమనడానికి ముఖ్య కారణం తుంటి. తొడ ఎముక చివర ఉండే గుండ్రటి భాగం తుంటిలోని గిన్నెలో బిగువుగా కూర్చోవాలి. కొన్ని కుక్కల్లో అది వదులుగా ఉండిపోతుంది. దీన్నే హిప్ డిస్‌ప్లాసియా అంటారు. చిన్నప్పుడు చెంగుచెంగున దూకుతుంటే ఎవరికీ అనుమానం రాదు. వయసు మీద పడ్డాక మెట్లెక్కలేక, కూర్చుంటే లేవలేక అవస్థ పడుతుంది. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లోపం. అమెరికాలో కుక్కల ఎముకలూ కీళ్లూ పరీక్షించి ధ్రువపత్రాలిచ్చే సంస్థ ఒకటుంది. తుంటి ఎక్స్‌రే విషయంలో 24 నెలలు నిండితే తప్ప ఆ సంస్థ తుది మాట చెప్పదు. ఏడాది కుక్కను చూసి ‘బాగానే ఉంది’ అనడం, పూత చూసి మిరప దిగుబడి చెప్పడం లాంటిదే.

డాక్టరుగారిని ఏం అడగాలి?

ముందుగా వృషణాలు. ఆరు నెలలు నిండేసరికి రెండూ కిందికి దిగి ఉండాలి. ఒకటి కడుపులోనే ఉండిపోయినా కుక్క పిల్లలను పుట్టించగలదు. కానీ ఈ లోపం మగపిల్లలకు వచ్చే అవకాశం ఉంది కాబట్టి దాన్ని క్రాసింగ్‌కి వాడకూడదు. పైగా లోపల ఉండిపోయింది ముందుముందు కణితిగా మారే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చేయించి తీయించడమే మంచిది.

రెండోది బ్రూసెల్లా రక్తపరీక్ష. ఇది మగకుక్కకూ, ఆడకుక్కకూ కూడా చేయించాలి. ఈ జబ్బు సోకితే ఆడకుక్కకు గర్భం పోతుంది. మగదానికి పిల్లలు పుట్టించే శక్తి పోవచ్చు. పూర్తిగా నయం చేయడం కష్టం. పైగా మనుషులకూ అంటుకోవచ్చు. చిన్నపిల్లలూ, కడుపుతో ఉన్నవాళ్లూ తిరిగే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

మూడోది జత కట్టడం వల్ల అంటుకునే కణితి. మన వీధికుక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది. మిరప కోతల కాలంలో కల్లాల్లో కాయ ఎండబోసి రాత్రుళ్లు కాపలా పడుకుంటాం కదా, తోడుగా కుక్కా వెళుతుంది. కట్టు విప్పిన కాసేపట్లో ఎక్కడ తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? మర్మాంగం దగ్గర రక్తపు చుక్కలు కనిపించినా, మాటిమాటికీ అక్కడే నాకుతున్నా అశ్రద్ధ చేయకండి. వేళకు చూపిస్తే ఇంజెక్షన్లతో చాలావరకు నయమవుతుంది. చూపించకుండా జత కలిపితే మాత్రం ఎదుటివాళ్ల కుక్కకూ అంటించినట్టే.

ఇక మన ఎండలు. రెంటచింతల ఎండల సంగతి వేరే చెప్పాలా? వడదెబ్బ గానీ, పిడుదుల వల్ల వచ్చే జ్వరం గానీ తగిలితే వీర్యం నాణ్యత పడిపోతుంది. కుక్కలో వీర్యకణాలు తయారు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాబట్టి జ్వరం తగ్గింది కదా అని మర్నాడే సిద్ధం కాకూడదు. ఓ రెండు మూడు నెలలు తిండి, నీడ, నీళ్లు చూసుకుని డాక్టరుకు మళ్లీ చూపించాలి. పెద్ద పరీక్షలు అవసరమైతే గన్నవరం పశువైద్య కళాశాల మనకు దగ్గరే.

గుణమూ... గోత్రమూ!

రూపంతో పాటు గుణమూ వస్తుంది. పేపర్ వేసే అబ్బాయిని చూసి గొలుసు తెంపుకునే కుక్క, టపాకాయ పేలితే మంచం కింద వణికే కుక్క, అన్నం గిన్నె దగ్గర ఇంటివాళ్ల మీదకే పళ్లు చూపే కుక్క ఎంత అందంగా ఉన్నా క్రాసింగ్‌కి తగదు. కెన్నెల్ క్లబ్ కాగితం ఉంటే చాలనుకోకండి. అది జాతి చెబుతుంది, ఒంట్లో ఏముందో చెప్పదు.

ఇంకోటి... చిన్న ఊళ్లలో ఒకే జాతి కుక్కలు కొన్నే ఉంటాయి. వాటిలో చాలావరకు ఒకరి దగ్గరే కొన్నవి. టైగర్‌కి చూసిన ఆడకుక్క దాని చెల్లెలే కావచ్చు! మనుషుల్లోనే మేనరికాలు వద్దని డాక్టర్లు చెబుతుంటే, అన్నాచెల్లెళ్లకు జత కడితే ఎలా? పెళ్లికి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలంటారు మన పెద్దవాళ్లు. కుక్కకు కనీసం రెండు తరాలైనా అడగండి.

‘మగదేగా’ అంటే కుదరదు

ల్యాబ్ ఒక్క ఈతకు ఏడెనిమిది పిల్లల్ని పెట్టడం మామూలే. కనే బాధ ఆడకుక్కది, కంటికి కునుకు లేకుండా చాకిరీ చేసేది ఆ ఇంటి ఇల్లాలు. తల్లికి పాలు చాలకపోతే మొదటి రోజుల్లో రెండేసి గంటలకోసారి పిల్లలకు పాలు పట్టాలి. ఆ తర్వాత నులిపురుగుల మందు, టీకాలు. వాటన్నిటికీ ఇళ్లు దొరుకుతాయా? ముచ్చటపడి తీసుకెళ్లినవాళ్లు ఆర్నెల్లకే ‘మావల్ల కాదు’ అని బైపాస్ రోడ్డు మీద వదిలేస్తే? పుట్టించిన పాపంలో తండ్రి కుక్కను పెంచినవాళ్లకూ సగం వాటా ఉందిగా!

చట్టమూ ఇదే చెబుతోంది. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్ల కోసం కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆడదయినా మగదయినా ఈడు నిండి, ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు ధ్రువీకరించాకే జత కలపాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి. ఎనిమిది వారాలు దాటని పిల్లల్ని అమ్మకూడదు. మీరు ఒక్కసారే చేయించినా, ఇవి పాటించదగ్గ మాటలే.

ఉసురు తగులుతుందా?

‘‘పాపం, మూగజీవి. ఒక్కసారైనా జత కట్టించకపోతే ఉసురు తగలదూ?’’ అంటారు కొందరు. ఇది మన ఊహే తప్ప దాని బాధ కాదు. జత కట్టనంత మాత్రాన మగకుక్కకు ఏ జబ్బూ రాదు. సంసారం లేదే అన్న దిగులూ దానికి ఉండదు. దానికి కావలసింది పొద్దునా సాయంత్రం నడక, మీతో ఆట, వేళకు తిండి. వద్దనుకుంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఉంది. ఏ వయసులో చేయించాలో జాతిని బట్టి డాక్టరు చెబుతారు.

అన్నీ సరిపోయి క్రాసింగ్ చేయిస్తే ఒక్క జాగ్రత్త. జత కట్టాక రెండూ కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా విడిపోవు. అది సహజం. కంగారుపడి లాగడం, నీళ్లు కొట్టడం చేస్తే రెండిటికీ గాయాలవుతాయి. పక్కనే నిశ్శబ్దంగా ఉండి, చూసేవాళ్లను దూరంగా పంపండి.

అడగండి... ఆ తర్వాతే ‘సరే’ అనండి

* ఎదుగుదల పూర్తయిందా? పెద్ద జాతి అయితే రెండేళ్లు నిండాయా?
* తుంటి ఎక్స్‌రే, బ్రూసెల్లా పరీక్ష అయ్యాయా?
* ఆడకుక్కకూ పరీక్షలు చేయించారా? రెండూ దగ్గర చుట్టాలు కావు కదా?
* మీ కుక్కలాంటివే మరో ఎనిమిది లోకంలోకి రావాలని మనసారా అనిపిస్తోందా?
* ఆ ఎనిమిదింటికీ ఇళ్లు ముందే కుదిరాయా?

వీటిలో ఒక్కదానికి ‘లేదు’ అని వచ్చినా, గోడ అవతలి వదినకు నవ్వుతూ ఇలా చెప్పండి: ‘‘ఇప్పుడే కాదు వదినా. రెండేళ్లు నిండనీ, పరీక్షలు చేయించనీ. అప్పుడు చూద్దాం.’’

ఆమె కాస్త చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. ఆదివారానికల్లా మర్చిపోతుంది. కానీ తుంటి పట్టేసి మెట్ల దగ్గర ఆగిపోయే కుక్కపిల్ల కళ్లలోకి చూడాల్సి వస్తే... ఆ చూపు మర్చిపోవడం మన తరం కాదు.