తల నొక్కేయని హిజాబ్ బ్యాండ్.. ఇంట్లోనే ఇలా కుట్టుకోండి

కాలేజీ నుంచి రాగానే అమ్మాయి "అమ్మీ, తల పగిలిపోతోంది" అంటే మన అనుమానం ముందు కళ్లజోడు మీదికి పోతుంది. తర్వాత ఫోన్ మీదికి, ఆ తర్వాత సరిగా తినడం లేదని తిండి మీదికి. పొద్దున నుంచి స్కార్ఫ్ కింద నుదుటిని పట్టేసి ఉన్న బ్యాండ్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

తలకు ఏదైనా బిగుతుగా కట్టుకుంటే నొప్పి వస్తుందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి వేరుగా చోటు కూడా ఉంది. బిగుతు బ్యాండ్, హెల్మెట్, ఈత కొట్టేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు ఇలాంటి నొప్పి తెస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. పెట్టుకున్న గంటలోపు నొప్పి మొదలవుతుంది, తీసేసిన గంటలోపు తగ్గిపోతుంది. సెలవు రోజు ఇంట్లో ఉన్నప్పుడు అమ్మాయికి ఏ నొప్పీ లేదంటే ముందు బ్యాండ్ చూడండి. బ్యాండ్ తీసినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

ఇంకో నష్టం జుట్టుకు. రోజూ జుట్టును గట్టిగా వెనక్కి లాగి ముడి వేసి, దాని మీద బిగుతు బ్యాండ్ పెడితే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. మొదట్లోనే జాగ్రత్త పడితే మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే లాగుతూ ఉంటే ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

అసలు తేడా ఎక్కడ?

బజారులో "ఫ్రీ సైజు" అని అమ్మే చాలా బ్యాండ్లలో బట్ట చుట్టూ సాగుతుంది. అందుకే నుదురు, కణతలు, చెవుల వెనక.. అన్ని చోట్లా ఒకేలా నొక్కుతుంది. పైగా అది నైలాన్, పాలిస్టర్ కలిసిన బట్ట అయితే చెమట పీల్చదు. మన ఎండల్లో దాని కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మనం కుట్టే దాంట్లో ముందు భాగం మామూలు కాటన్ బట్ట, అది సాగదు. ఎలాస్టిక్ మెడ వెనక మాత్రమే, చిన్న ముక్క. పట్టు అంతా వెనక ఉంటుంది కాబట్టి నుదుటి మీద బట్ట ఊరికే ఆనుకుని ఉంటుంది.

ఏమేం కావాలి?

- పావు మీటరు మెత్తటి కాటన్ (44 అంగుళాల పన్నా). మల్‌మల్, కేంబ్రిక్ బాగుంటాయి. శాటిన్ వద్దు, దాని మీద స్కార్ఫ్ జారిపోతుంది.
- అంగుళం వెడల్పు ఎలాస్టిక్, ఆరున్నర అంగుళాలు. సన్నది వద్దు, సన్నదైతే తాడులా కోస్తుంది.
- టేపు, సుద్ద, కత్తెర, గుండుసూదులు, ఒక పిన్నీసు, దారం.

కొత్త బట్టను ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. కాటన్ కుంచించుకుంటుంది. కుట్టాక కుంచించుకుంటే మళ్లీ బిగుతే.

కొలత, కటింగ్

టేపును నుదుటి మీద నుంచి చెవుల పైగా తల వెనక్కి తిప్పి కొలవండి. జుట్టు ముడి వేసుకునే అలవాటు ఉంటే ముడి వేసుకునే కొలవండి. వచ్చిన కొలత నుంచి 6 తీసేస్తే అది ముందు ముక్క పొడవు.

ఉదాహరణకు తల చుట్టుకొలత 22 అంగుళాలు అనుకుందాం.

- ముందు ముక్క: పొడవు 16, వెడల్పు 9 అంగుళాలు.
- వెనక ముక్క: పొడవు 9, వెడల్పు 3 అంగుళాలు.
- ఎలాస్టిక్: 6½ అంగుళాలు.

చిన్న పాప తల 20 అంగుళాలైతే ముందు ముక్క 14 అంగుళాలు సరిపోతుంది. మిగతావి మారవు. కుట్లలో పోయేది పోగా బ్యాండ్ తల కన్నా అంగుళంన్నర మాత్రమే తక్కువ వస్తుంది. జారకుండా ఉండటానికి ఆ పట్టు చాలు.

కుట్టే పద్ధతి

1. ముందు ముక్కను పొడవునా సగానికి మడవండి, సీదా వైపు లోపలికి ఉండాలి. పొడుగు అంచును పావు అంగుళం వదిలి కుట్టండి. రెండు చివరలూ తెరిచే ఉంచి, గొట్టాన్ని తిరగేసి ఇస్త్రీ చేయండి.

2. వెనక ముక్కను కూడా అలాగే కుట్టి తిరగేయండి.

3. ఎలాస్టిక్ చివరకు పిన్నీసు గుచ్చి, సల్వార్‌లో నాడా ఎక్కించినట్టు వెనక గొట్టంలోకి ఎక్కించండి. ఒక చివర బయటకు రాగానే బట్టకూ ఎలాస్టిక్‌కూ కలిపి కుట్టేయండి. తర్వాత రెండో చివర లాగి అక్కడా కుట్టండి. బట్ట కుచ్చులు కుచ్చులుగా వస్తుంది, అలాగే రావాలి.

4. ముందు ముక్క చివర మీద వెనక ముక్క చివరను మధ్యలో పెట్టండి, సీదా వైపులు ఎదురెదురుగా. ముందు ముక్క రెండు పక్కలనూ దాని మీదికి మడిచి పొట్లంలా చుట్టండి. అర అంగుళం వదిలి రెండుసార్లు కుట్టండి. తిరగేస్తే కోసిన అంచులన్నీ లోపలికి వెళ్లిపోతాయి.

5. రెండో వైపూ అంతే. కుట్టే ముందు బ్యాండ్ మెలి పడలేదని చూసుకోండి.

మిషన్ లేకపోతే చేత్తో కుట్టవచ్చు. కలిపే చోట మాత్రం కచ్చా కుట్టు సరిపోదు, బఖియా వేయాలి.

పెట్టుకునేటప్పుడు పొడుగు కుట్టు ఉన్న అంచు నెత్తి వైపు, మడత అంచు నుదుటి వైపు రావాలి. ముందూ వెనకా కలిసే లావు చోటు చెవులకు ఒకటిన్నర, రెండు అంగుళాల వెనక పడుతుంది, అందుకే చెవి మీద ఒత్తుకోదు.

సరిగ్గా వచ్చిందా?

బ్యాండ్ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. ఇంట్లోనే గంటసేపు పెట్టుకుని తీసి అద్దంలో చూడండి. నుదుటి మీద ఎర్రటి గీత పడితే వెనక కుట్టు ఒక వైపు విప్పి, అర అంగుళం పొడుగు ఎలాస్టిక్ వేసి మళ్లీ కుట్టండి.

జొహర్ వేళకు కాలేజీలోనో ఆఫీసులోనో వుజూ చేసుకునే వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. తల మసహ్ చేసేటప్పుడు జుట్టు లాక్కోకుండా బ్యాండ్ తేలిగ్గా వెనక్కి జరుగుతుంది.

కాటన్ మీద స్కార్ఫ్ నిలబడుతుంది కాబట్టి పిన్నులు కూడా తక్కువే పడతాయి. పిన్ను నోట్లో పట్టుకుని స్కార్ఫ్ సర్దుకునే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. మాట్లాడుతూనో నవ్వుతూనో పీల్చేస్తే పిన్ను ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. టర్కీ, ఈజిప్ట్ డాక్టర్లు ఇలాంటి కేసులు చాలానే రాశారు.

వాడకం, ఖర్చు

తలస్నానం చేసి తడి జుట్టు మీద బ్యాండ్ పెట్టొద్దు. ఒక్కొక్కరికి మూడు ఉంటే రోజూ ఉతికినది దొరుకుతుంది. అక్కచెల్లెళ్లు ఒకరిది ఒకరు వాడొద్దు, పేలు అలా కూడా పాకవచ్చు. ఎలాస్టిక్ వదులైతే బ్యాండ్ పారేయక్కర్లేదు, ఆ ముక్క ఒక్కటి మారిస్తే చాలు.

లెక్క చూద్దాం. పావు మీటరు బట్టలో రెండు బ్యాండ్లు వస్తాయి, మీటరు ఎలాస్టిక్‌లో ఆరు ముక్కలు. అంటే ముప్పావు మీటరు బట్ట, మీటరు ఎలాస్టిక్ తెస్తే ఆరు బ్యాండ్లు. బట్ట మీటరు 100 రూపాయలు, ఎలాస్టిక్ 15 రూపాయలు అనుకుంటే మొత్తం 90, ఒక్కోటి 15 రూపాయలు. మీ ఊరి ధరలు వేసి మీరే చూసుకోండి. ఇంట్లో పాత కాటన్ దుపట్టా ఉంటే బట్ట ఖర్చు కూడా లేదు, పైగా అది ఇప్పటికే ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది.

జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఇంట్లో ఇద్దరమ్మాయిలకు సరిపడా తయారవుతాయి. కుట్టు నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ పని వాళ్ల చేతే చేయించండి. అన్నీ తిన్నని కుట్లే, మొదటిసారి కుట్టే వాళ్లకూ వస్తుంది.