రెండు పేర్లున్న ఆటగాడు



ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగిన మర్నాడు పత్రిక తిరగేస్తే గోలు వేసినవాడి పేరు కనిపిస్తుంది, గోలు ఆపినవాడి పేరూ కనిపిస్తుంది. ఈ ఇద్దరికీ నడుమ, మైదానం మధ్యలో తిరుగుతూ, వెనకవారి దగ్గర బంతి అందుకుని ముందువారికి అందించే ఆటగాడు ఒకడుంటాడు. అతణ్ణి మిడ్‌ఫీల్డర్ అంటారు. అటు కాపుదలకూ ఇటు దాడికీ పరుగెత్తవలసినవాడు అతనే. అలాంటి ఆటగాడు అరాటా ఇజుమి గురించి ఈ పూట చెప్పుకుందాం.

ఇజుమి 1982 జూలై 31న జపాన్‌లోని షిమోనోసెకిలో పుట్టాడు. ఆ దేశపు పెద్ద దీవి హోన్షూకు పడమటి కొసన ఉన్న రేవు పట్టణమది. తల్లి జపాన్ ఆవిడ, తండ్రి గుజరాతీ మూలాలున్న భారతీయుడు. అందువల్ల అతనికి నీలకంఠ ఖంభోల్జా అనే మరో పేరు కూడా ఉంది. అప్పట్లో జపాన్ కుర్రాళ్లతో సింగపూర్ లీగ్‌లో ఆడిన అల్బిరెక్స్ నీగటా జట్టులో కొంతకాలం ఆడి, 2006లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వచ్చాడు. అప్పటికి అతను మనకు విదేశీ ఆటగాడే.

ఆ తర్వాత బొంబాయిలోని మహీంద్రా యునైటెడ్‌కు, 2009లో పుణె ఎఫ్.సి.కి మారాడు. అతని ఆట బాగా పండింది పుణెలోనే. బాలేవాడి మైదానం సొంతగడ్డగా ఆడిన ఆ జట్టు అదే ఏడు ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. 2012-13లో చర్చిల్ బ్రదర్స్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది.

అసలు కథ ఇక్కడే ఉంది. ఇజుమికి భారత జట్టు తరఫున ఆడాలని కోరిక. తండ్రి భారతీయుడే కదా, అడ్డేమిటని మీరు అడగవచ్చు. ఏ దేశం తరఫున ఆడదలిస్తే ఆ దేశ పౌరసత్వం ఉండాలన్నది ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా నియమం. మన చట్టమేమో ఒక మనిషికి రెండు దేశాల పౌరసత్వం ఒప్పుకోదు. విదేశాల్లో స్థిరపడ్డవారికి ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు వీసా బాధ తప్పిస్తుంది గాని, అది పౌరసత్వం కిందికి రాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశం తరఫున ఆడాలని కేంద్ర ప్రభుత్వం 2008లో నిర్ణయించింది కూడా. జపాన్ చట్టం సైతం ఇలాంటిదే. కోరి మరో దేశ పౌరసత్వం తీసుకుంటే జపాన్ పౌరసత్వం పోతుంది. అంటే పుట్టిన గడ్డ పాస్‌పోర్టు వదులుకుంటే తప్ప తండ్రి దేశం జెర్సీ వేసుకునే వీలు లేదు.

ఇజుమి ఆ పాస్‌పోర్టు వదులుకున్నాడు. 2012లో భారత పౌరుడయ్యాడు. దీనివల్ల అతని క్లబ్బుకూ ఒక మేలు కలిగింది. జట్టులో ఇంతమంది విదేశీయులనే ఆడించాలన్న పరిమితి ఉండేది. ఆ లెక్కలోంచి అతను బయటపడ్డాడు. కాని అతను చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2013 ఫిబ్రవరిలో కొచ్చిలో పాలస్తీనాతో ఆడి అతను భారత జట్టులో అడుగుపెట్టాడు. ఆ మ్యాచ్‌లో మనం 4-2తో ఓడిపోయాం. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండాయి. మిడ్‌ఫీల్డర్‌కు పరుగే పెట్టుబడి గనక, ముప్పై అంటే పొద్దువాలే వయసు. భారత జట్టుకు అతను పట్టుమని పది మ్యాచ్‌లు కూడా ఆడలేదు.

క్లబ్బుల సంగతి చూస్తే అవీ నిలకడగా లేవు. మహీంద్రా యునైటెడ్ 2010లో మూతపడింది. కొన్నేళ్లకు పుణె ఎఫ్.సి. కూడా రంగం నుంచి తప్పుకుంది. ఇండియన్ సూపర్ లీగ్ కోసం 2015లో జరిగిన వేలంలో అట్లెటికో డి కోల్‌కతా అతణ్ణి 68 లక్షల రూపాయలకు తీసుకుంది. 2016లో పుణె సిటీకి, ఆ మరుసటి ఏడు కేరళ బ్లాస్టర్స్‌కు ఆడాడు. ఆట మానాక జపాన్ తిరిగి వెళ్లిపోలేదు. శిక్షకుడై, రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ ఛాంప్స్‌లో కుర్రాళ్లకు ఆట నేర్పాడు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీయో మాట్లాడే మనకు, రెండు చోట్లకూ చెందడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రాష్ట్రం మారితే మనం వదులుకోవలసిన కాగితం లేదు. బళ్లారి కుర్రాడు కర్ణాటక తరఫున ఆడినా తెలుగువాడే. దేశం మారినప్పుడు మాత్రం లెక్క వేరు. అమెరికాలో పుట్టి అక్కడి పౌరులుగా పెరిగే మన పిల్లల్లో ఎవరైనా రేపు భారత్ తరఫున ఆడాలనుకుంటే, వాళ్లూ ఈ గడపే దాటాలి. 2025లో ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ ఇదే దారిలో భారత పౌరసత్వం తీసుకున్నాడు. ఇజుమికీ అతనికీ మధ్య పదమూడేళ్ల ఎడం ఉంది. ఆడిన మ్యాచ్‌లు కొద్దే అయినా, దారి ఉందని ముందుగా నడిచి చూపించినవాడు ఇజుమి.