చీకటి మేఘములలోని రసాయనశాల

మబ్బులేని రాత్రి పాలవెల్లిని పరికించినచో దాని వెలుగు నడుమ నల్లని చారలు కానవచ్చును. అవి శూన్యప్రదేశములు కావు. వాయువుతోను సన్నని ధూళితోను నిండిన మహామేఘములు. వెనుకనున్న నక్షత్రముల కాంతిని ఆ ధూళి అడ్డగించుటచే అవి నల్లగా తోచును.

ఈ మేఘములలో ఉష్ణోగ్రత సామాన్యముగా సున్నకు దిగువ 260 డిగ్రీల ప్రాంతమున నుండును. మనము పీల్చు గాలితో పోల్చినచో అచ్చటి వాయువు మిక్కిలి పలుచన. అంతటి చలిలో పరమాణువులు కలిసికొనుటయే యరుదు. కలిసినను నక్షత్రకాంతిలోని అతినీలలోహిత కిరణములు వానిని విడదీయును. కావున అచ్చట పెద్ద అణువులు నిలువజాలవని శాస్త్రజ్ఞులు చాలకాలము తలచిరి.

ఆ తలంపు 1968లో అమోనియా కనబడుటతో సడలినది. 1969లో స్నైడర్, బుల్, జుకర్‌మన్, పామర్ అను నలుగురు శాస్త్రజ్ఞులు అమెరికాలోని గ్రీన్‌బ్యాంకునందలి 140 అడుగుల రేడియో దూరదర్శినితో ఫార్మాల్డిహైడును కనుగొనిరి. మనిషిని గొంతునుబట్టి గుర్తుపట్టునట్లు, అణువును దాని రేడియో తరంగములనుబట్టి గుర్తింపవచ్చును. ఫార్మాల్డిహైడు సుమారు 6 సెంటీమీటర్ల తరంగమును పీల్చుకొనుటచే దొరకిపోయినది. పాఠశాలలో కప్పలను చెడకుండ నిలువయుంచు ఫార్మలిన్, ఈ వాయువు కరిగిన నీరే!

ఇది అచ్చట నెట్లు పుట్టినది? ధూళియే దానికి ముఖ్యకారణము. ధూళి అతినీలలోహిత కిరణములను లోనికి రానీయక గొడుగువలె కాపాడును. అంతేకాదు, చలికి ప్రతి ధూళికణముపైని మంచుపొర యేర్పడును. కర్బనమును ఆమ్లజనియు గలిసిన కార్బన్ మోనాక్సైడు ఆ పొరలో చిక్కుకొనును. దానికి రెండు ఉదజని పరమాణువులు చేరినచో ఫార్మాల్డిహైడు, మరి రెండు చేరినచో మిథైల్ ఆల్కహాలు తయారగును. సమీపమున క్రొత్త నక్షత్రము పుట్టి వేడి తగిలినపుడు ఆ మంచు ఆవిరియై అణువులు బయల్వెడలును.

నేటికి నక్షత్రముల నడుమ 300కు పైబడిన అణువులు గుర్తింపబడినవి.

ఇందువలన మనకేమి? మన సూర్యుడును గ్రహములును సుమారు 460 కోట్ల సంవత్సరముల క్రిందట అట్టి మేఘమునుండియే పుట్టినవి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కాశిలలో ఆమినో ఆమ్లములు కనబడినవి. మన శరీరములోని మాంసకృత్తులు అట్టి ఆమ్లముల కూర్పే. ఇటుకలు పోగుపడినంతమాత్రమున ఇల్లు కాదు. అణువులున్నంతమాత్రమున జీవము కలదనరాదు. అయినను ఆ ఇటుకలను చేయు పని, భూమి పుట్టకముందే, చీకటి మేఘములలో ఆరంభమైనదని మాత్రము తెలియుచున్నది.