కప్పేసేలోపే చూడాలి

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో ఏ ఊరికి వెళ్లినా కడుతున్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. పాత మట్టి మిద్దె పక్కనో, దాన్ని పడగొట్టిన జాగాలోనో సిమెంటు పిల్లర్లు లేచి ఉంటాయి. వానలు తప్పిన ఏడు బెంగళూరుకో బళ్లారికో వలసపోయి కూలి డబ్బు కూడబెట్టినవాళ్లు, బంగారం కుదువబెట్టినవాళ్లు, ప్రభుత్వ బిల్లు కోసం ఎదురుచూస్తూ అప్పు తెచ్చినవాళ్లు కట్టుకునే ఇళ్లివి. బతుకులో ఒక్కసారి పెట్టే ఖర్చు. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్లు చూసే రైతు, ఇంటి పునాదిలో కాంక్రీటు పోసే ముందు మాత్రం గుంత ఎంత లోతుందో కొలిపించడు. తప్పు అతనిది కాదు. ఆ గుంతను ఎవరిని పిలిచి చూపించాలో, ఎప్పుడు పిలవాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇల్లు కట్టడంలో గట్టిదనమంతా కనిపించని చోటే ఉంటుంది. మట్టి పూడ్చాక పునాది కనబడదు. కాంక్రీటు పడ్డాక కడ్డీ కనబడదు. ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు పైపు కనబడదు. అందుకే కప్పేసేలోపే చూడాలి. మన దగ్గర తనిఖీలు లేవని కాదు. అవి పని మొదట్లోనో, చివర్లోనో, బిల్లు పెట్టేటప్పుడో జరుగుతాయి. కప్పెట్టే గంట ముందు అక్కడ నిలబడేవాళ్లే తక్కువ.

బిల్లు కోసం చూసే చూపు

ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఇళ్ల పథకాలన్నిట్లో డబ్బు దశలవారీగా వస్తుంది. బేస్‌మెంట్ లెవల్, గోడలు పైకప్పు ఎత్తుకు లేస్తే రూఫ్ లెవల్, స్లాబ్ పోస్తే రూఫ్ క్యాస్ట్, ఆ తర్వాత పూర్తయిన ఇల్లు. ఈ మాటలు గృహనిర్మాణ సంస్థ కాగితాల్లోంచి ఊళ్లోకి వచ్చి, రాయడం రానివాళ్ల నోళ్లలో కూడా నలుగుతున్నాయి. 2020లో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో ఒక్కో ఇంటికి 1.80 లక్షల రూపాయలు ఇచ్చారు, కట్టడం సుమారు 340 చదరపు అడుగులు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన గ్రామీణ ఆవాస్ యోజనలోనూ ఇదే పద్ధతి. ప్రతి దశకూ ఫోటో, ఆ ఫోటోకు జియోట్యాగింగ్, దాని వెనక బ్యాంకు ఖాతాలో డబ్బు.

ఈ పద్ధతితో మేలు జరిగింది. కట్టని ఇంటికి బిల్లు ఎత్తే పాత రోగానికి ఇది గట్టి మందు. కానీ ఫోటోకు గోడ ఎత్తు తెలుస్తుంది, ఇల్లు ఫలానా సర్వే నంబరులో ఉందని తెలుస్తుంది. పునాది గట్టి నేల తగిలేదాకా తవ్వారా, పిల్లర్ రింగులు ఎంత దూరంలో కట్టారు అన్నది దానికి తెలియదు. రూఫ్ లెవల్‌కూ రూఫ్ క్యాస్ట్‌కూ నడుమ, స్లాబ్ కడ్డీ కట్టి ఉన్న రోజే ఇంటికి ప్రాణం లాంటిది. ఆ రోజుకు ఫోటో దశ లేదు.

సొంత డబ్బుతో కట్టేవాళ్లకు ఈ మాత్రం చూపు కూడా ఉండదు. గ్రామాల్లో ఇంటికి అనుమతి పంచాయతీ ఇవ్వాలి. 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నియమాలు ఆ సంగతి చెబుతాయి. పట్టణాలకు 2017 నాటి భవన నియమాలున్నాయి. అక్కడ ఒక పరిమాణం దాటిన కట్టడమైతే పదో వంతు నిర్మాణాన్ని మునిసిపాలిటీకి తనఖా పెట్టాలి, ప్లాను ప్రకారం కట్టారని తేలాకే అది విడుదలవుతుంది. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగాలో ఇంటికి అనుమతే అక్కరలేదంది, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. యజమాని మాటను నమ్మడం మంచిదే. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఈ నియమాలు ఎక్కువగా పట్టించుకునేది ఎత్తునీ, అంతస్తులనీ, రోడ్డుకు వదలాల్సిన జాగానీ. కడ్డీ మీద చూపు యజమానికే వదిలేశారు. ఆ సంగతి యజమానికి తెలియాలి కదా.

హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో 2016 డిసెంబరు 8 రాత్రి కడుతుండగానే ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతున్న భవనం కూలింది. పెద్ద భవనం కూలితే పేపర్లో వస్తుంది. పల్లెలో సజ్జ విరిగి పడితే, స్లాబ్ కారి కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడితే అది ఆ ఇంటివాళ్ల కర్మగా మిగిలిపోతుంది.

పిలిచే బాధ్యత ఎవరిది?

ఇంగ్లండులో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇంటి వెనక ఒక గది పెంచుకోవాలన్నా స్థానిక సంస్థ బిల్డింగ్ కంట్రోల్ విభాగానికి కబురు పెట్టాలి. పునాది తవ్వాక ఒకసారి, మురుగు పైపులు పరిచి మట్టి కప్పకముందు ఒకసారి, పైకప్పు కట్టెపని అయ్యాక మరోసారి, ఇలా ఇన్‌స్పెక్టరును పిలవాలి. పిలవకుండా కప్పేస్తే తెరిచి చూపించమనే అధికారం వాళ్లకుంది. అమెరికాలో చాలాచోట్ల కరెంటు తీగలు, నీళ్ల పైపులు గోడలో బిగించాక, పైన బోర్డు కొట్టకముందే ఇన్‌స్పెక్టరు సంతకం పడాలి. లండన్‌లో ఈ అలవాటు పాతది. 1666 అగ్నిప్రమాదంలో నగరం తగలబడ్డాక, తిరిగి కట్టే ఇళ్లను చూడటానికి సర్వేయర్లను పెట్టుకున్నారు.

ఆ దేశాల్లో కూడా వచ్చే తగువు ఒకటుంది: ఇన్‌స్పెక్టరును పిలవాల్సింది బిల్డరా, ఇంటి యజమానా? చట్టం ముందు జవాబు చెప్పాల్సివచ్చే రోజున యజమాని తప్పించుకోలేడు కాబట్టి, ఒప్పందంలోనే ఈ సంగతి రాసుకోవాలి. గుమ్మఘట్టలోనూ అదే చిక్కు. మేస్త్రీ “సార్‌ను నువ్వు పిలుచుకో సామీ” అంటాడు. యజమాని “అది మేస్త్రీ పని కదా” అనుకుంటాడు. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు బిల్లు దశ వచ్చినప్పుడు వస్తాడు. ముగ్గురిలో ఎవరిదీ మోసం కాదు, అయినా ఎవరూ చూడకుండానే స్లాబ్ పోసేస్తారు.

గుంత, కడ్డీ, నీళ్లు

ముందు గుంత. ఈ పీఠభూమిలో ఎర్రనేల ఎక్కువ, అక్కడక్కడ నల్లరేగడి. ఎర్రనేలలో కొంత లోతుకే గట్టి మొరం తగులుతుంది. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, దాని మీద నిలబెట్టిన గోడ కూడా దాంతోపాటే కదులుతుంది. పక్కింటి గుంతలో మొరం తగిలిందని మన గుంతలోనూ తగులుతుందని అనుకోకూడదు. కాంక్రీటు పోయకముందు గడ్డపారతో అడుగు గుచ్చి చూసే మనిషి కావాలి. దీనికి పట్టేది పావుగంట.

తర్వాత కడ్డీ. స్లాబ్ పోసే ముందురోజు సాయంత్రం సెంట్రింగ్ మీదికెక్కి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కడ్డీలు నేరుగా సెంట్రింగ్ రేకును తాకుతున్నాయా, కింద కవర్ బ్లాకులు పెట్టారా? స్లాబ్‌లో కడ్డీకి 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌లో 40, పునాదిలో 50 కాంక్రీటు కప్పు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బ్లాకు లేకపోతే కడ్డీ స్లాబ్ అడుగునే తేలుతుంది, గాలీ తేమా తగిలి తుప్పు పడుతుంది. ఇప్పుడు సజ్జ దగ్గరికి రండి. సజ్జలో ముఖ్యమైన కడ్డీ పైభాగాన ఉండాలి, ఎందుకంటే బరువుకు సజ్జ పైన సాగుతుంది, కింద నొక్కుకుంటుంది. కట్టేటప్పుడు మేస్త్రీ పైనే కడతాడు. కాంక్రీటు గంపలు మోసేవాళ్లు దాని మీద తొక్కుతూ తిరుగుతారు, కడ్డీ కిందికి దిగిపోతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక ఏ ఇంజనీరూ కంటితో చూసి దీన్ని పట్టుకోలేడు. కడ్డీకింద దాన్ని ఎత్తి పట్టే ఇనుప కుర్చీలు పెట్టారా, నడవడానికి పలక వేశారా అన్నది పోసే రోజే చూడాలి. పిల్లర్ రింగుల కొక్కెం కూడా అంతే. కొస లోపలికి 135 డిగ్రీలు వంగాలి. తొందర్లో 90 దగ్గర ఆపేస్తే అదురు వచ్చినప్పుడు రింగు విచ్చుకుంటుంది.

అనంతపురానికి భూకంపమా అంటారు. భూకంప పటంలో జిల్లా రెండో జోన్‌లో ఉంది, అంటే ముప్పు తక్కువ. కానీ 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కంపించేదాకా ఆ ప్రాంతం అంతకంటే తక్కువ ముప్పు ఉన్న జోన్‌లో ఉండేది. వేల మంది చనిపోయింది ఎక్కువగా రాతిగోడల మీద మందపాటి మట్టి కప్పు మోసిన ఇళ్ల కింద. మన మిద్దెలు వాటికి చుట్టాలే. పాత మిద్దె గోడల మీదే స్లాబ్ వేద్దామనుకునేవాళ్లు మొదట చూపించాల్సింది ఆ గోడనే. లోపలి రాళ్ల వరసనూ బయటి వరసనూ కలిపి పట్టుకునే పొడవాటి అడ్డరాళ్లు ఉన్నాయా అన్నది అక్కడ ప్రశ్న.

చివరగా నీళ్లు. మిగతా ఊళ్ల కంటే ఇక్కడ దీని గురించి ఎక్కువ చెప్పాలి. వేదవతి మీద భైరవానితిప్ప జలాశయం కట్టుకున్న ప్రాంతమైనా, ఏళ్ల తరబడి నీళ్లు చూడని కరువు నేల ఇది. ఇళ్ల స్లాబులకు వాడే ఎం20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు. పల్చగా ఉంటే పరచడం సులువని మిల్లరులో ఇంకో బకెట్టు కుమ్మరిస్తే బలం పోతుంది. అంటే కలిపేటప్పుడు ఎక్కువ పోస్తారు, గట్టిపడ్డాక అవసరమైన నీళ్లు ఇవ్వరు. ఎండా వేడీ ఉన్నచోట కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుకైతే 14. మడులు కట్టి 340 చదరపు అడుగుల స్లాబ్ మీద అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే ఒక్కసారికే దాదాపు 800 లీటర్లు. మే నెల ఎండకు అది ఇంకిపోతూనే ఉంటుంది. ట్యాంకరుకు డబ్బులు లేక మూడో రోజుకే మడులు ఎండిపోయిన స్లాబ్, కొన్న సిమెంటు బలంలో కొంత గాలికి వదిలేసినట్టే. దారులున్నాయి: తడి గోనె సంచులు, వరిగడ్డి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే నీళ్లు చాలా మిగులుతాయి. జిల్లాలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరులో పడతాయి. ఆ తర్వాత చలిరోజుల్లో స్లాబ్ పెట్టుకుంటే ట్యాంకర్లూ తగ్గుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడ్డీ ఉన్న కాంక్రీటుకు వాడేముందు పరీక్ష చేయించాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదు.

సెంట్రింగ్ విప్పడంలోనూ తొందర పనికిరాదు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కు అడుగు కర్రలు కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉంచాలి. బూడిద సిమెంటుకు ఇంకా ఆగాలి. రేకుల అద్దె రోజుకింత అని మేస్త్రీ తొందరపడతాడు. ఆ అద్దెను ముందే లెక్కలో వేసుకోవాలి.

చేయాల్సింది

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పటినుంచి ఊళ్లో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉన్నాడు. పథకం ఇల్లయితే ఆయన్ను బిల్లు దశకే కాక గుంత రోజుకూ స్లాబ్ ముందురోజుకూ యజమాని పిలవాలి. రెండు మూడు రోజుల ముందు చెప్పాలి, పొద్దున్నే ఫోను చేసి “ఈరోజే పోస్తున్నాం సార్” అంటే ఆయనా రాలేడు. సొంత ఇల్లయితే రాయదుర్గంలోనో కళ్యాణదుర్గంలోనో ప్లాను గీసిచ్చిన ఇంజనీరుతోనే మాట్లాడుకోవాలి. ప్లానుకు ఇచ్చే డబ్బులోనే గుంత, పిల్లరు కడ్డీ, స్లాబ్ కడ్డీ, సెంట్రింగ్ విప్పడం అనే నాలుగు రాకలు మాట్లాడుకోవచ్చు. మేస్త్రీతో ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చాలి: ఇంజనీరు చూసి సంతకం పెట్టకముందు కాంక్రీటు పోయకూడదు, పోస్తే ఆ పని కూలి ఉండదు. మంచి మేస్త్రీ దీనికి ఒప్పుకుంటాడు, రేపు ఏదైనా బీట వస్తే ఆ సంతకం అతన్నీ కాపాడుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్దదేం కాదు. ఇప్పటికే ఫోటోలు తీసే యాప్‌లో రెండు దశలు పెంచాలి. పునాది గుంతలో టేపు పెట్టి ఒకటి, స్లాబ్ పోసే ముందు కడ్డీల మీద ఒకటి, ఆ రెండింటికీ ఇంజనీరింగ్ అసిస్టెంటు సంతకం. రూఫ్ క్యాస్ట్ బిల్లును ఆ రెండో ఫోటోకు ముడిపెట్టాలి.