చూసింది గీస్తున్నారా? తెలిసింది గీస్తున్నారా?

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఒక కాగితం మీద మంచినీళ్ల గ్లాసు బొమ్మ గీయండి. గ్లాసు ఎదురుగా ఉండనక్కరలేదు. గీశారా? ఇప్పుడు వంటింట్లోంచి నిజం గ్లాసు ఒకటి తెచ్చి మీ బల్ల మీద పెట్టి, మీ బొమ్మతో పోల్చి చూడండి.

మీ బొమ్మలో గ్లాసు మూతి కోడిగుడ్డు ఆకారంలో వంపుగా ఉండి ఉంటుంది. అడుగు మాత్రం బహుశా స్కేలు పెట్టి గీసినట్లు తిన్నగా ఉంటుంది. కాని బల్ల మీది గ్లాసు అడుగు అలా లేదే! అది కూడా వంపు తిరిగే ఉంది. మీరు పైనుంచి చూస్తున్నారు కనుక, మూతి కంటే అడుగే మరికాస్త వంపుగా కనిపిస్తుంది. మరి తిన్నగా ఎందుకు గీశారు? గ్లాసు అడుగు చదునుగా ఉంటుందని మీకు తెలుసు. అందువల్ల తెలిసినదాన్ని గీశారు. కనిపించేదాన్ని గీయలేదు.

“నాకు బొమ్మలు రావండీ” అని చాలామంది విద్యార్థులు తమ చేతిని నిందించుకుంటారు. పాపం, చేయి చేసిన తప్పేమీ లేదు. ‘ఖ’, ‘ఋ’, ‘క్ష్మ’ వంటి మెలికలన్నీ తడుముకోకుండా రాయగల చేతికి గ్లాసు వంపు ఒక లెక్కా? లోపం చూపులో ఉంది. ఆ చూపుకు శిక్షణ ఇవ్వడానికే చిత్రకళ నేర్చుకునేవారి చేత మొదట్లోనే ‘కాంటూరు గీత’ సాధన చేయిస్తారు.

లేని గీతను ఎలా చూస్తాం?

కాంటూరు అనే మాట మీకు కొత్త కాదు. కొండల ఎత్తుపల్లాలు తెలిపే కాంటూరు రేఖలను భూగోళశాస్త్రంలో చూసే ఉంటారు. చిత్రకళలో కాంటూరు గీత అంటే వస్తువు అంచుల వెంట, దాని మీది మడతల వెంట మెల్లగా నడిచే గీత.

కాని ఒక సందేహం. కుండ చుట్టూ నల్లని గీత ఎక్కడైనా ఉందా? లేదు. కుండ ఉపరితలం గుండ్రంగా తిరిగి మన చూపుకు అందకుండా పోయే చోటునే అంచు అంటున్నాం. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే ఆ అంచు కూడా కుండ మీద మరో చోటికి జరుగుతుంది. ప్రకృతిలో లేని ఆ గీతను కాగితం మీద గీస్తే, చూసినవారు వెంటనే “కుండ!” అని ఎలా గుర్తుపడుతున్నారు?

దీనికి జవాబులో కొంత భాగం 1958లో అనుకోకుండా దొరికింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన నాడీకణాలను పరీక్షిస్తున్నారు. గాజు స్లైడు మీద నల్లచుక్క పెట్టి పిల్లి కంటికి చూపించారు. చాలాసేపు ప్రయత్నించినా కణం సరిగా పలకలేదు. ఒకసారి స్లైడును పరికరంలోకి జారుస్తుండగా అది ఉన్నట్టుండి టపటపమని స్పందించింది! స్పందించింది చుక్కకు కాదు, గాజు అంచు వేసిన సన్నని నీడగీతకు. అదీ ఆ గీత ఒక ప్రత్యేకమైన వాలులో ఉన్నప్పుడే. నిలువు గీతకు పలికే కణాలు కొన్ని, అడ్డగీతకు పలికేవి కొన్ని, ఏటవాలు గీతకు పలికేవి మరికొన్ని ఉన్నాయని ఆ తరువాత తేలింది. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

అంటే వెలుగు, నీడ కలిసే సరిహద్దులను ఏరుకోవడం మన మెదడు మొదట చేసే పనుల్లో ఒకటన్న మాట. అందుకే నాలుగు గీతలతో వేసిన బొమ్మ కూడా మనకు చక్కగా అర్థమవుతుంది.

కంటి తొందర

మరి మెదడుకు అంచులు అంత బాగా తెలిసినప్పుడు మనం సరిగా గీయలేకపోవడమేమిటి?

ఒక చేయి ముందుకు చాచి మీ బొటనవేలి గోరును చూడండి. మీ కన్ను ఒక్కసారిగా అతి స్పష్టంగా చూడగలిగేది దాదాపు అంతమేరే. మిగిలినదంతా మసక. ఆ లోటు తీర్చుకోవడానికి కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఒకచోటి నుంచి మరోచోటికి దూకుతూ ఉంటుంది. ఆ ముక్కలను కలిపి, ముందే తెలిసిన విషయాలను జోడించి, మెదడు ‘ఇది ఆవు’, ‘ఇది బస్సు’ అని తేల్చేస్తుంది. తేలగానే కన్ను మరో పని చూసుకుంటుంది. బతకడానికి ఇది మంచి అలవాటే. ఎదురుగా వచ్చే బస్సు కిటికీల వంపులను తీరిగ్గా పరిశీలిస్తూ నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు! కాని బొమ్మ గీసేటప్పుడు ఈ తొందరే మనకు శత్రువు.

చీమ నడక

ఆ తొందరను అణచే ఉపాయాన్ని న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బోధించిన కిమన్ నికొలైడీస్ అనే చిత్రకారుడు తన విద్యార్థులకు నేర్పాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన ఫ్రాన్స్‌లో పనిచేశాడు. సైనిక స్థావరాలు శత్రువు కంటపడకుండా రంగులతో మరుగుపరచడం ఆయన పని. అక్కడే కాంటూరు పటాలను కూడా పరిశీలించవలసి వచ్చింది. ఆయన 1938లో మరణించాడు. ఆయన పాఠాలు 1941లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఆ సాధన మీరూ చేయవచ్చు. పరీక్షలకు తీసుకువెళ్లే అట్టకు ఒక కాగితం బిగించండి. మీరు గీసే చేయి కాగితం మీద ఉంచి, రెండో చేతిని వేళ్లు కాస్త ముడిచి పక్కన పెట్టుకోండి. కాగితం కనబడకుండా ఆ చేతి వైపు తిరిగి కూర్చోండి. మణికట్టు దగ్గర అంచు మీద ఒక బిందువును చూడండి. పెన్సిలు మొన కాగితాన్ని కాదు, సరిగ్గా ఆ బిందువునే తాకుతున్నదని ఊహించుకోండి. ఆ ఊహ కుదిరేవరకు ఆగండి.

ఇప్పుడు ఆ అంచు వెంట ఒక చీమ నడుస్తున్నదనుకోండి. మీ చూపు ఆ చీమ వెంటే పోవాలి. చూపు ఎంత కదిలితే పెన్సిలు అంతే కదలాలి. చూపు ఆగితే పెన్సిలూ ఆగాలి. కాగితం వైపు తొంగిచూడకూడదు. రబ్బరు ముట్టకూడదు. వేలి కణుపు దగ్గర ముడత లోపలికి తిరిగితే మీరూ దానితో లోపలికి వెళ్లండి. ఆ ముడత ముగిసినచోట ఒక్కసారి కాగితం చూసి, అంచు మీదికి తిరిగి రండి. చేయంతా పూర్తి కావడానికి పది నిమిషాలైనా పట్టాలి. రెండు నిమిషాల్లో అయిపోయిందంటే మీ చీమ పరుగెత్తిందన్న మాట!

అయ్యాక బొమ్మ చూస్తే నవ్వు వస్తుంది. బొటనవేలు దోసకాయంత ఉండవచ్చు. చిటికెన వేలు ఎక్కడో తేలిపోయి ఉండవచ్చు. చింపకండి. దగ్గరగా చూడండి. ఆ కణుపు ముడత, గోరు పక్కన చర్మం ఉబ్బు మీరు ఇదివరకెప్పుడూ ఇంత నిజంగా గీసి ఉండరు. ఈ సాధన ఫలితం కాగితం మీద కాదు, కంటిలో కనిపిస్తుంది. కొన్నాళ్ల తరువాత అప్పుడప్పుడు కాగితం చూస్తూ, చూసినప్పుడల్లా పెన్సిలు ఆపుతూ గీయండి. అప్పుడు వేళ్లు వాటి చోటికి అవే వస్తాయి.

1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు తన పుస్తకం ద్వారా ఈ సాధనకు బాగా ప్రచారం కల్పించింది. బొమ్మలు గీసే శక్తి మెదడు కుడి సగానిదని ఆమె వివరించింది. బొమ్మ గీసేటప్పుడు మెదడు రెండు సగాలూ పనిచేస్తాయని ఇప్పుడు మనకు తెలుసు. అయినా సాధన వల్ల కలిగే మేలు మాత్రం అలాగే ఉంది.

మందారం చెప్పే రహస్యం

“నేను చిత్రకారుణ్ణి కాబోవడం లేదు, నాకెందుకిది?” అంటారా? మీ జీవశాస్త్రం రికార్డు తెరిచి చూడండి. అందులోని మందార పువ్వు బొమ్మ పువ్వును చూసి వేసిందా, పుస్తకంలో బొమ్మను చూసి వేసిందా?

రేపు ఒక ఒంటిరెక్క మందారం కోసి తెచ్చి చీమ నడకతో గీయండి. ఒక రేకు అంచు వెంట వెళితే, అది పక్క రేకు మీదికి వస్తుంది. అదే రేకు రెండో అంచు వెంట వెళితే, అది అవతలి రేకు కిందికి దూరిపోతుంది. అయిదు రేకులూ అంతే, ఒకే దిశలో మెలితిరిగి ఉంటాయి. ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే మీ పెన్సిలు కనిపెడుతుంది.

స్పెయిన్ దేశపు సాంటియాగో రామోన్ ఇ కహాల్ చిన్నతనంలో చిత్రకారుడు కావాలనుకున్నాడు. వైద్యుడైన తండ్రి ఒప్పుకోలేదు. తరువాత ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చుని నాడీకణాల కొమ్మలను ఒక్కొక్కటిగా గీశాడు. నాడీమండలం విడివిడి కణాలతో నిర్మితమైందని వాదించాడు. అంతా ఒకే వల అన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. 1906లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. విచిత్రమేమంటే, దాన్ని ఆయనతో పంచుకున్న కామిల్లో గాల్గీ ఆ వల సిద్ధాంతాన్నే నమ్మేవాడు! కాలక్రమంలో కహాల్ గీసినదే సరైనదని రుజువైంది.

మొదట గీసిన గ్లాసు బొమ్మ మీద తేదీ వేసి దాచుకోండి. రోజుకు పది నిమిషాల చొప్పున ఒక నెల సాధన చేసి మళ్లీ గ్లాసును గీయండి. ఈసారి మాత్రం గ్లాసు ఎదురుగా ఉండాలి సుమా!